మన నేల, మన వైద్యం – 7: పురిటిబండి పదకొండు క్రోసులు

కిందటి భాగంలో హయ్యర్ దొర గురజాల చేరేదాకా చెప్పుకున్నాం. 1842లో గుంటూరులో దిగి, 1849 నాటికి పల్నాట్లో మకాం పెట్టిన ఆ లూథరన్ మిషనరీ, మధ్యలో అమెరికా వెళ్ళి వైద్యం కూడా చదివి వచ్చాడు. అయితే ఏం, మగవాడు. పురిటిగది గడప దాటే వీలు ఆ రోజుల్లో కట్టుకున్నవాడికే లేదు, ఇక దొర సంగతి చెప్పేదేముంది! అందుకే మన ప్రాంతంలో కాన్పుచావుల మీద జరిగిన పోరాటం ఆయనతో మొదలు కాలేదు. ఆయన వచ్చిన నలభై ఒక్క ఏళ్ళకి, 1883 నవంబరు ఆఖర్లో, అదే మిషన్ తరఫున గుంటూరులో దిగిన ఒక ఆడ డాక్టరుతో మొదలైంది.

ఆమె పేరు ఆనా సారా కుగ్లర్. 1856లో పెన్సిల్వేనియాలో పుట్టింది. ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్య కళాశాలలో 1879లో పట్టా పుచ్చుకుంది. ఇండియా వెళ్ళి వైద్యం చేస్తానని తన సంఘం వారిని అడిగితే, ఆ పని మా లెక్కలో లేదన్నారు. జెనానాల్లో ఆడవాళ్ళకి చదువు చెప్పేందుకైతే పంపిస్తామన్నారు. సరేనని టీచరుగా వచ్చింది. వచ్చాక చేతిలో ఉన్న విద్య ఊరుకోనిస్తుందా? పాఠం చెప్పడానికి వెళ్ళిన ఇంట్లోనే నాడి చూసింది. రోగులు ఆమె ఉన్న బంగళాకే రావడం మొదలుపెట్టారు. రెండేళ్ళు తిరిగేసరికి, 1885 చివర్లో, ఆమె డాక్టరేనని మిషన్ ఒప్పుకోక తప్పలేదు. 1886లో గుంటూరులో డిస్పెన్సరీ తెరిచింది. పట్టా ఉన్న డాక్టరును డాక్టరుగా గుర్తించడానికి ఆ పెద్దలకు ఇన్నాళ్ళు పట్టింది. మన పల్లెల మూఢత్వాన్ని గురించి ఆ కాలపు మిషన్ రిపోర్టులు పేజీలు పేజీలు రాశాయి గాని, ఈ మూఢత్వానికి ఏం పేరు పెట్టాలో రాయలేదు.

ఆ 1885లోనే వైస్రాయి భార్య లేడీ డఫరిన్ పేరున ఒక నిధి వెలిసింది. ఇండియాలో ఆడవాళ్ళకు ఆడ డాక్టర్లు, నర్సులు, మంత్రసానులు దొరికేలా చూడటం దాని పని. మద్రాసులో గోషా ఆసుపత్రి తెరిచిందీ ఆ ఏడే. పెద్ద పట్నాలకు అవి అందాయి. మన సత్తెనపల్లి తాలూకాకు మాత్రం దిక్కు గుంటూరే.

గుంటూరు ఎంత దూరం? నేటి లెక్కలో సుమారు 35 కిలోమీటర్లు, పాత లెక్కలో పదకొండు క్రోసులు. ఎడ్లబండి గంటకు మూడు, నాలుగు కిలోమీటర్లు నడిస్తే గొప్ప. అంటే మంచి రోజుల్లో తొమ్మిది, పది గంటల దారి. రాత్రి పొద్దుపోయాక బండి కడితే తెల్లారి ఎండెక్కేసరికి ఊరు కనపడేది. బెల్లంకొండ వైపు నుంచో, అచ్చంపేట వైపు నుంచో రావాలంటే ఇంకో పూట కలుపుకోవాలి. వాన పడితే ఆ లెక్కలన్నీ తీసి గట్టున పెట్టాల్సిందే. మన నల్లరేగడి పత్తికి ప్రాణం పోస్తుందిగాని, తడిస్తే చక్రాన్ని ఇరుసు దాకా పట్టేసుకుంటుంది. మరో జత ఎద్దులు తెచ్చి కట్టినా బండి కదలదు. గుంటూరు–మాచర్ల రైలు మార్గం పడింది 1930 ప్రాంతంలో. అంతకు ముందు ఒక తరం ఆడవాళ్ళకు ఈ బండిదారే దిక్కు.

ఇప్పుడు ఆ బండిలో ఒక బాలింతను ఊహించండి. బిడ్డ పుట్టింది, మాయ పడలేదు. కింద పరిచిన గడ్డి తడుస్తోంది, మీద కప్పిన దుప్పటి తడుస్తోంది. తల్లి మొదట దాహం అంటుంది, తర్వాత చలి అంటుంది, ఆ తర్వాత ఏమీ అనదు. బండి అప్పటికి రెండు క్రోసులు నడిచి ఉంటుంది.

ఇది ఊరికే భయపెట్టడానికి చెబుతున్న మాట కాదు. డెబొరా మెయిన్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1980ల్లో ఒక లెక్క వేసింది. కాన్పులో ఏ ఉపద్రవం వస్తే, వైద్యం అందని తల్లి సగటున ఎంతసేపట్లో చనిపోతుందని. కాన్పయ్యాక రక్తస్రావమైతే 2 గంటలు. కాన్పుకు ముందు రక్తస్రావమైతే 12 గంటలు. గర్భసంచి చిట్లితే ఒక రోజు. మనవాళ్ళు గుర్రపువాతం అనే మూర్ఛలొస్తే రెండు రోజులు. బిడ్డ అడ్డం తిరిగి కాన్పు ఆగిపోతే మూడు రోజులు. బాలింత జ్వరానికి ఆరు రోజులు. ప్రపంచ ప్రసూతి చరిత్రలో ఇంత చిన్న పట్టిక, ఇంత పని చేసింది మరొకటి లేదని నా అభిప్రాయం. ఎందుకంటే దీన్ని మన బండిదారి పక్కన పెట్టి చూస్తే, కుగ్లర్ ఎవరిని కాపాడగలిగిందో, ఎవరిని కాపాడలేకపోయిందో వేరే సాక్ష్యం లేకుండానే తేలిపోతుంది.

బాలింత జ్వరంలో ఆరు రోజుల వ్యవధి ఉంది. బండి పది గంటలు నడిచినా పరవాలేదు. పైగా ఆ జ్వరం కుగ్లర్ తరానికి తెలిసిన శత్రువు. వియన్నాలో సెమ్మెల్వైస్ అనే డాక్టరు 1847లోనే చేతులు కడుక్కోండి మహాప్రభో అని మొత్తుకుంటే తోటి డాక్టర్లు ఎగతాళి చేశారు. ఆమె పట్టా పుచ్చుకున్న 1879లోనే, పారిస్‌లో పాశ్చర్ నిండు సభలో లేచి, బాలింతల్ని చంపే సూక్ష్మజీవి ఇదీ అని నల్లబల్ల మీద గొలుసులా బొమ్మ గీసి చూపించాడు. కాబట్టి చేతులు, పనిముట్లు, గుడ్డలు శుభ్రం చేసుకున్నాకే పురిటి మంచం దగ్గరికి వెళ్ళాలన్న చదువు ఆమెకు ఒంటబట్టి ఉంది. మూడు రోజుల గడువున్న అడ్డం కాన్పుకూ ఆమె దగ్గర పనిముట్లున్నాయి. బిడ్డ దక్కకపోయినా తల్లి దక్కేది. కాని రెండు గంటల గడువున్న రక్తస్రావానికి గుంటూరులో ఎంతటి డాక్టరున్నా సత్తెనపల్లికి ఒరిగేదేమీ లేదు. ఊళ్ళోనే మనిషుండాలి, ఆ మనిషి చేతిలో మందుండాలి.

ఊళ్ళో ఉన్న మనిషి మంత్రసాని. ఆమె మీద చదువుకున్నవాళ్ళు రాసినన్ని తిట్లు బహుశా పట్వారీ మీద కూడా రాసి ఉండరు. కొడవలితో బొడ్డు కోస్తుందని, పురిటిగదికి గాలి రానివ్వదని, బాలింతకు మంచినీళ్ళు పడనివ్వదని. అబద్ధాలేం కావు. ఆ కొడవలి ధనుర్వాతాన్ని తెచ్చేది, బిడ్డలు పోయేవాళ్ళు. అయినా ఒకమాట. నడిరాత్రి తలుపు తడితే ఏ కులం వాడకైనా లేచి వచ్చేది ఆమె ఒక్కతే. కూలి ఇన్ని గింజలు, ఒక పాత చీర. మైల పని కాబట్టి ఊరికి ఆమె కావాలి, ఇంటికి మాత్రం ఆమె అంటు. మామూలు కాన్పును ఆమె బాగానే చేసేది. నూటికి ఎనభై అయిదో తొంభయ్యో కాన్పులు ఎవరు దగ్గరున్నా సాఫీగానే అవుతాయి. మిగిలినవాటి దగ్గర ఆమె చేతులెత్తేసేది. మందు లేదు, కోత తెలియదు, రక్తం భద్రంగా ఎక్కించే విద్య అప్పటికి లోకంలోనే లేదు. ఇంకేం చేస్తుంది? కాన్పు ఆడదానికి పునర్జన్మ అని మన అమ్మమ్మలు ఊరికే అనలేదు.

గుంటూరు చేరడానికి రోడ్డు దూరం ఒక్కటే అడ్డమనుకుంటే పొరపాటు. ఇడా స్కడర్ అనే అమెరికన్ అమ్మాయి కథ చాలామందికి తెలిసిందే. 1890ల్లో తిండివనంలో, ఒకే రాత్రి మూడు ఇళ్ళ నుంచి మగవాళ్ళు వచ్చి కాన్పు కష్టమైందని బతిమాలారు. ఆమె తండ్రి డాక్టరు, ఆయన్ని తీసుకెళ్ళమంటే మగ డాక్టరని ఒప్పుకోలేదు. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ పోయారు. ఆ దుఃఖంతోనే ఆమె అమెరికా వెళ్ళి డాక్టరై వచ్చి వెల్లూరు ఆసుపత్రి కట్టింది. అక్కడ దూరం నాలుగు వీధులు. ఆ నాలుగు వీధుల్ని ఏ రైలూ దాటించలేకపోయింది.

గుంటూరులో ఆడ డాక్టరుంది గదా, మరి? అక్కడ అడ్డం కులం. పై కులాల ఇళ్ళల్లో కుగ్లర్ మ్లేచ్ఛురాలు. చెయ్యి చూపిస్తారు, ఆమె వెళ్ళాక స్నానం చేస్తారు. మాల మాదిగల్ని ముట్టుకునే చేతులతో తమనీ ముట్టుకుంటుందని వెనకాడేవాళ్ళు. 1898లో యాభై మంచాల ఆసుపత్రి తెరిచాక ఈ చిక్కు ఇంకా ముదిరింది. ఇంటికొచ్చి చూసి వెళ్ళే డాక్టరు వేరు, ఆసుపత్రిలో మంచమెక్కడం వేరు. వండేదెవరు? నీళ్ళు తోడేదెవరు? తోడొచ్చిన అత్తగారు ఎక్కడ మడి కట్టుకుంటుంది? ఇవి ఇప్పుడు నవ్వులాటగా ఉంటాయి గాని, ఒక తల్లిని బండెక్కించాలా వద్దా అన్నది తేల్చింది ఇవే.

ఈ ముడి విప్పింది డాక్టరు కాదు, ఒక జమీందారు. ఏలూరు రాజా మంత్రిప్రెగడ భుజంగరావు బహదూరు. కవి, పండిత పోషకుడు. ఆయన భార్య కాన్పుకు కుగ్లర్ వైద్యం చేసింది, కొడుకు క్షేమంగా పుట్టాడు. ఆ కృతజ్ఞతతో ఆయన ఆసుపత్రికి ఎదురుగా, హిందూ రోగుల బంధువులు దిగడానికి ఒక సత్రం కట్టించాడు. బైబిలు కథను తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు కూడా. మిషన్ వాళ్ళు ఆ పద్యాల్ని చూసి ఎక్కువ మురిసిపోయారు. నన్నడిగితే సత్రమే ఎక్కువ. ఎదురుగా తమవాళ్ళు పొయ్యి వెలిగించుకుని, తమ కుండలో తాము వండుకుని, అన్నం పట్టుకెళ్ళి పెట్టే వీలుంటే ఆసుపత్రి మంచం అంత పరాయిది కాదు. కులాన్ని అది ఏమీ చెయ్యలేదు, సంస్కర్తలు ఒప్పుకునే పద్ధతీ కాదు. కాని బండెక్కించకపోవడానికి ఒక సాకు తగ్గింది. ప్రాణం మీదికొచ్చినప్పుడు అది చాలు.

తర్వాత ఆసుపత్రిలో పురుళ్ళకు వేరే వార్డు, పిల్లల వార్డు, ఆపరేషన్ గది వచ్చాయి. తెలుగు అమ్మాయిలకు నర్సు పని నేర్పడం మొదలైంది. ఆ నర్సులే అసలు సంపద. ఒక దొరసాని ఎన్ని కాన్పులు చేయగలదు? చీరాల, రెంటచింతలలో కూడా మిషన్ ఆసుపత్రులు లేచాయి, రాజమండ్రిలో, నెల్లూరులో స్త్రీల ఆసుపత్రులు నడిచాయి. గుంటూరులోనే పుట్టిన కొమర్రాజు అచ్చమాంబ వంటి తెలుగు ఆడ డాక్టర్లు తర్వాతి తరంలో వచ్చారు. కొమర్రాజు లక్ష్మణరావు గారి కూతురు ఆమె. బెజవాడలో స్త్రీల వైద్యం చేసి, 1957లో అక్కడి నుంచే లోక్‌సభకు వెళ్ళింది. కుగ్లర్ 1930 జూలై 26న గుంటూరులోనే కన్నుమూసింది. దాదాపు నలభై ఏడేళ్ళు. ప్రభుత్వం కైసర్-ఇ-హింద్ పతకమిచ్చింది, ఊరు ఆసుపత్రికి ఆమె పేరు పెట్టుకుంది.

ఆమె పోయిన 1930లో, ఆమె పుట్టిన దేశంలో పరిస్థితి ఎలా ఉందనుకుంటున్నారు? అమెరికాలో లక్ష కాన్పులకు 670 మందికి పైగా తల్లులు చనిపోతున్నారు. ఆకాశహర్మ్యాలు, మోటారుకార్లు, లెక్కలేనంత మంది డాక్టర్లు ఉండి కూడా. ఈ సంఖ్య గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీనితో పనుంది. డాక్టర్లుండటం ఒక్కటే చాలదని ఆ సంఖ్య చెబుతోంది. తొందరపడి పనిముట్లు పెట్టే డాక్టర్లే తల్లుల్ని చంపుతున్నారని అక్కడి వైద్య సంఘాలే రిపోర్టులు రాశాయి.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళలో చరిత్ర గిర్రున తిరిగింది. 1935లో జర్మనీ నుంచి సల్ఫా మందు వచ్చింది. మరుసటి ఏడు లండన్‌లో కోల్‌బ్రుక్ అనే వైద్యుడు దాన్ని బాలింత జ్వరానికి వాడి చూశాడు. చావులు అమాంతం తగ్గాయి. అదే 1935లో ఎర్గోమెట్రిన్ దొరికింది. గర్భసంచిని బిగబట్టి రక్తం ఆపే మందు, అంటే మన రెండు గంటల గండానికి మొట్టమొదటి నిజమైన జవాబు. రక్తం నిలవచేసే బ్యాంకులు, పెన్సిలిన్ వెనకే వచ్చాయి. 1950కల్లా అమెరికా లెక్క లక్షకు 83కు పడిపోయింది.

మన లెక్క? 1946లో భోర్ కమిటీ అంచనా ప్రకారం ఇండియాలో ఏటా రెండు లక్షల మంది తల్లులు కాన్పులో పోతున్నారు. వెయ్యి కాన్పులకు ఇరవై మంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు పెట్టాలని ఆ కమిటీయే చెప్పింది. స్వాతంత్ర్యం వచ్చాక అవి పెట్టారు, నర్సమ్మలకు శిక్షణ ఇచ్చారు. తర్వాత ప్రభుత్వాల ధ్యాస జనాభా మీదికి మళ్ళింది. లూపులు, ఆపరేషన్ క్యాంపులు, టార్గెట్లు. కుటుంబ నియంత్రణలో మన రాష్ట్రం దేశానికే ముందు నిలిచింది. కాన్పుల సంఖ్య తగ్గితే కాన్పుచావుల సంఖ్యా తగ్గుతుంది, ఆ మేలు కాదనలేం. కాని గర్భం దాల్చిన తల్లికి ప్రాణాపాయం వచ్చినప్పుడు ఆ క్యాంపులు అక్కరకు రాలేదు. మంత్రసానులకు వేలాదిగా శిక్షణ ఇచ్చి సంచీలో సబ్బు, బ్లేడు పెట్టిచ్చారు. ధనుర్వాతం తగ్గింది, బిడ్డలు బతికారు. తల్లుల లెక్క అంతగా కదల్లేదు. ఎందుకు కదలదో మెయిన్ పట్టిక ముందే చెప్పింది గదా, రక్తస్రావానికి సబ్బు మందు కాదు.

పక్కనే శ్రీలంక వేరే దారి తొక్కింది. 1930ల్లో అక్కడా లక్షకు రెండు వేల మంది పైనే. వాళ్ళు ప్రతి ఊరికీ ప్రభుత్వ మంత్రసానిని చదివించి నియమించారు, వెనకాల పైసా ఖర్చు లేని ఆసుపత్రిని నిలబెట్టారు, చనిపోయిన ప్రతి తల్లి గురించీ ఎందుకు పోయిందని ఆరా తీశారు. అర్ధశతాబ్దం తిరిగేసరికి వంద లోపుకు తెచ్చారు. డబ్బున్న దేశమేం కాదు.

ప్రపంచం కళ్ళు తెరవడానికి 1985 దాకా పట్టింది. ఆ ఏడు జూలైలో లాన్సెట్ పత్రికలో రోజెన్‌ఫీల్డ్ అనే ప్రొఫెసరు, మన పట్టిక మెయిన్ కలిసి ఒక వ్యాసం రాశారు. తల్లీబిడ్డల ఆరోగ్యం అని కార్యక్రమాలకు పేరు పెట్టుకున్నారు, అందులో తల్లి ఏదీ అని నిలదీశారు. టీకాలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, బరువు చూడటాలు అన్నీ బిడ్డకే. తల్లి గురించి లెక్కలైనా సరిగ్గా లేవు.

సరిగ్గా అప్పుడే లెక్క తీసిన అతికొద్ది చోట్లలో ఒకటి మన అనంతపురం. 1984–85లో జె.సి. భాటియా అనే పరిశోధకుడు ఆ జిల్లా పల్లెలు, పట్నాలు తిరిగి, చనిపోయిన ఆడవాళ్ళ ఇళ్ళకు మనుషుల్ని పంపి అడిగించాడు. లక్ష కాన్పులకు 798 మంది తల్లులు పోతున్నారని తేలింది. ఇందాక గుర్తుపెట్టుకోమన్న సంఖ్యను తీయండి. సల్ఫా మందు లేని, పెన్సిలిన్ లేని 1930 నాటి అమెరికా కంటే, రాకెట్లు ఎగరేస్తున్న 1984 నాటి మన రాయలసీమ వెనకబడి ఉంది. మందులన్నీ అప్పటికి కనిపెట్టేశారు. గుంటూరు, కర్నూలు మెడికల్ కాలేజీల్లో వాటి గురించి పాఠాలు చెబుతూనే ఉన్నారు. కాలేజీ గేటుకూ పల్లెకూ మధ్య పదకొండు క్రోసులు మాత్రం అలాగే ఉండిపోయాయి. అనంతపురం లెక్క తర్వాత ఎన్నో అంతర్జాతీయ చర్చల్లోకి వెళ్ళింది.

1987 ఫిబ్రవరిలో నైరోబీలో పెద్ద సభ జరిగింది. 2000 కల్లా ఈ చావులు సగం కావాలని తీర్మానించారు. కాలేదు. 2000లో ఐక్యరాజ్యసమితి మళ్ళీ లక్ష్యం పెట్టింది, 2015కు మూడొంతులు తగ్గాలని. అదీ పూర్తిగా కాలేదు. ఇప్పుడున్న లక్ష్యం 2030కి లక్షకు 70 లోపు. ఈ సభల్ని, తీర్మానాల్ని వరసగా చెప్పుకుంటూ పోతే మీకూ విసుగు, నాకూ విసుగు. పనికొచ్చిన ఆలోచన ఒక్కటి చెబుతాను. 1994లో తాడియస్, మెయిన్ కలిసి తల్లి చావు వెనక మూడు ఆలస్యాలు ఉంటాయన్నారు. ఆసుపత్రికి వెళ్దామని ఇంట్లో తేల్చుకోవడంలో ఆలస్యం, దారిలో ఆలస్యం, ఆసుపత్రి చేరాక వైద్యం మొదలవడంలో ఆలస్యం. మొదటిదానికి మన ఏలూరు రాజా సత్రం ఒక చిన్న జవాబు. రెండోది మన రేగడి బండి. మూడోదాని సంగతికి ముందు ముందు వస్తాను.

దారి ఆలస్యాన్ని విరిచింది మన దగ్గర 108 అంబులెన్సు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలై, మూడు నాలుగేళ్ళలో ఉమ్మడి రాష్ట్రమంతా పాకింది. దేశంలో మిగతా రాష్ట్రాలు దీన్నే చూసి పెట్టుకున్నాయి. ఆ బండికి వచ్చే పిలుపుల్లో నొప్పులొచ్చిన గర్భిణులవి చాలా ఉంటాయి. ఆ ఏడే ఏప్రిల్‌లో జననీ సురక్షా యోజన వచ్చింది, ఆసుపత్రిలో కంటే తల్లి చేతికి డబ్బు. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి కార్డు రాసి, మాత్రలిచ్చి, నెలలు నిండాక వెంటబెట్టుకుని తీసుకెళ్ళడం మొదలైంది. 2011 నుంచి ప్రభుత్వాసుపత్రిలో కాన్పుకు, మందులకు, రానుపోను బండికి డబ్బు కట్టనక్కర్లేదన్నారు.

1992–93లో మన రాష్ట్రంలో ఆసుపత్రి కాన్పులు మూడింట ఒక వంతు. 1998–99లో సగం. 2005–06లో నూటికి 64. 2019–21 నాటికి 96. చావుల లెక్కా దానితోపాటే దిగింది. ప్రభుత్వ నమూనా నమోదు ప్రకారం 2001–03లో ఆంధ్రలో లక్షకు 195, 2007–09లో 134, 2011–13లో 92, 2018–20లో 45. తెలంగాణ 43. దేశం మొత్తానికి 97. ప్రపంచంలో మాత్రం 2023లో కూడా సుమారు 2,60,000 మంది తల్లులు పోయారని డబ్ల్యూహెచ్‌ఓ అంచనా.

సత్తెనపల్లికి ఇప్పుడు ఏరియా ఆసుపత్రి ఉంది, గుంటూరుకు బస్సులో గంట, గంటన్నర. రోడ్డు గొడవ తీరింది. కథ అయిపోలేదు. మిగిలింది మూడో ఆలస్యం, దానితోపాటు రక్తం.

రక్తం సంగతి ముందు చూద్దాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్ర గర్భిణుల్లో నూటికి 54 మందికి రక్తహీనత ఉంది. ఒంట్లో రక్తమున్న తల్లి అరలీటరు పోయినా తట్టుకుంటుంది, ముందే పాలిపోయిన తల్లికి ఆ రెండు గంటలు కూడా ఉండవు. ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ ఆడపిల్లల్లో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయిందని అదే సర్వే చెప్పింది. ఈ రెండు సంఖ్యలకూ చుట్టరికం ఉంది. మన దగ్గర ఇంకో చిక్కు, మిరపకోతలు. జనవరి దాటాక కర్నూలు వైపు నుంచి, ప్రకాశం పడమటి మండలాల నుంచి, తెలంగాణ నుంచి కుటుంబాలకు కుటుంబాలే మన చేలకు దిగుతాయి. గర్భిణులూ వస్తారు. కార్డు సొంతూళ్ళో, ఆశమ్మ సొంతూళ్ళో, మనిషి ఇక్కడ టార్పాలిన్ గుడిసెలో. ఘాటుకు ముక్కుకు గుడ్డ కట్టుకుని వంగి కాయ కోస్తుంటుంది. ఆమెకు ఎన్నో నెలో ఈ ఊరి రిజిస్టరుకు తెలియదు. ఎరువుల లెక్క, టిక్కీల లెక్క, కోల్డ్ స్టోరేజీల లెక్క పక్కాగా రాసుకునే జిల్లాలో ఈ లెక్క రాసుకోలేమా?

ఇక ఆసుపత్రి లోపలి ఆలస్యం. విచిత్రమేమంటే కోత అక్కర్లేని చోట తొందర, కావలసిన చోట జాగు. అదే సర్వే ప్రకారం ఆంధ్రలో కాన్పుల్లో నూటికి 42 సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో 63, ప్రభుత్వాసుపత్రుల్లో 27. జనాభా లెక్కన సిజేరియన్లు నూటికి పది దాటాక తల్లుల చావులు అదనంగా తగ్గవని డబ్ల్యూహెచ్‌ఓ చెబుతూనే ఉంది. మంచి ముహూర్తానికి కోయించుకునేవాళ్ళు మనలో లేరా? డాక్టర్లనే అనడం దేనికి!

కోత కంటే చవకైన విద్యలు వస్తున్నాయి. ఒకదాన్ని చూడండి. కాన్పయ్యాక తల్లి నడుం కింద పరిచే ప్లాస్టిక్ షీటు. చివర గరాటులా సంచి, సంచి మీద గీతలు. పోయిన రక్తమంతా అందులో చేరుతుంది, గీత దాటితే నర్సు వెంటనే మందు ఎక్కిస్తుంది, గర్భసంచిని మర్దన చేస్తుంది, డాక్టరుకు కబురు చేస్తుంది. కంటితో చూసి చెప్పే అంచనా చాలాసార్లు తక్కువకే ఉంటుంది, గుడ్డల్లో ఇంకిన రక్తం కనపడదు గదా. ఇలాంటి షీటును మొదట వాడి చూసిన చోట్లలో మన పక్క కర్ణాటక ఒకటి. 2023లో నాలుగు ఆఫ్రికా దేశాల ఆసుపత్రుల్లో ఈ పద్ధతి మొత్తాన్ని పాటించి చూస్తే, తీవ్ర రక్తస్రావం, దానివల్ల వచ్చే ఆపరేషన్లు, చావులు కలిపి 60 శాతం తగ్గాయి. కోట్ల రూపాయల యంత్రం కాదది, గీతలున్న సంచి.

లక్షకు 45 అన్నది గర్వపడాల్సిన లెక్కే. అయితే అదే సర్కారు పట్టికలో, అదే ఏళ్ళకు, కేరళ లెక్క 19. అంటే మన దగ్గర పోతున్న తల్లుల్లో సగానికి పైగా ఈ రోజున, ఈ దేశంలోనే ఉన్న పద్ధతులతో బతకగలిగినవాళ్ళు.

వచ్చే భాగంలో గర్భిణులకు ఆశమ్మ ఇచ్చే ఎర్ర మాత్ర కథ. బొంబాయి మిల్లు కార్మిక స్త్రీల రక్తహీనతతో మొదలై, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ప్రయోగశాలలో ముగుస్తుంది అది. ఈలోగా పాఠకులకు ఒక విన్నపం. సత్తెనపల్లి, క్రోసూరు, రాజుపాలెం వైపు పాత మంత్రసానుల గురించి మీ ఇంట్లో పెద్దవాళ్ళకు గుర్తున్నవి ఉంటే, వాళ్ళు ఏ మందులు వాడేవాళ్ళు, ఏ కాన్పుకు చేతులెత్తేసి బండి కట్టమనేవాళ్ళు, కూలి ఏమిచ్చేవాళ్ళు, వివరంగా రాసి పంపండి. తొంభై దాటిన అమ్మమ్మలు ఉన్న ఇళ్ళవాళ్ళు ఆలస్యం చెయ్యకండి.